ఫ్రాన్సు ప్రయాణానికి ముందు ఒకసారి మూసారాంబాగ్ గుట్ట



మన సంఘం సమావేశంలో ఇప్పుడు ఏ నలుగురు కలిసినా ముందు బి.పి., షుగరు కబుర్లు, ఆ వెంటనే పిల్లల దేశాల కబుర్లు. ఒకరి అబ్బాయి డల్లాసు, ఒకరి అమ్మాయి మెల్‌బోర్ను. ఈ మధ్య ఫ్రాన్సు పేరు కూడా తరచు వినబడుతున్నది. మా అమ్మాయి, అల్లుడు అక్కడే ఉన్నారు. 2023 ఏప్రిల్‌లో నేనూ నా శ్రీమతీ వెళ్లి రెండు నెలలు ఉండి వచ్చాము. అప్పటినుంచి, వెళ్లబోయే మిత్రులు మా ఉస్మాన్‌గంజ్ ఇంటికి వచ్చి "ఏం చూడాలి, ఏం పట్టుకెళ్లాలి?" అని అడుగుతుంటారు. అందరికీ విడివిడిగా చెప్పే బదులు ప్రత్యేక సంచికలో రాయమని సంపాదకవర్గం కోరింది.

నేను ఉద్యోగమంతా లెక్కల విభాగంలో చేసినవాణ్ని. జీతం బిల్లులు, బకాయిలు, పింఛను కాగితాలు తప్ప వేరే విద్య రాదు. కాబట్టి నా కంటికి చరిత్ర కూడా అలాగే కనబడుతుంది. ఫ్రెంచివారికీ తెలుగువారికీ నడుమ సుమారు మూడు వందల ఏళ్ల సంబంధం ఉన్నది. దాన్ని యుద్ధాల కథగా పుస్తకాలలో రాశారు. కాని నాకు అది ఎవరికి జీతం ముట్టింది, ఎవరికి ముట్టలేదు అన్న కథగా తోస్తుంది. ఆ కథ తెలుసుకొని వెళితే ఫ్రాన్సు పరాయి దేశంలా కనిపించదు.

దేశం సంగతి క్లుప్తంగా

యూరపులో ఉన్న ఫ్రాన్సు భూభాగం విస్తీర్ణం సుమారు 5,50,000 చదరపు కిలోమీటర్లు. మన పాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు సరిగ్గా రెండింతలు అనుకోండి. జనాభా మాత్రం ఏడు కోట్లకు కొంచెం తక్కువ. ఉమ్మడి రాష్ట్రంలో 2011 నాటికే మనం 8 కోట్ల 46 లక్షలం. అందుకే పారిస్ దాటి రైలెక్కితే మైళ్ల కొద్దీ గోధుమ పొలాలు, ద్రాక్షతోటలే తప్ప మనిషి కనబడడు. రాచరికాన్ని కూలదోసిన విప్లవం 1789లో మొదలయింది. దాని నూరేళ్ల పండుగకు, అంటే 1889లో, కట్టినదే ఈఫెల్ టవరు. ఇప్పటి ఎత్తు 330 మీటర్లు. పూర్వపు నాణెం ఫ్రాంకు. 2002 నుంచి చేతిలో చెల్లేది యూరో. గడియారం మనకంటే చలికాలంలో నాలుగున్నర గంటలు, వేసవిలో మూడున్నర గంటలు వెనుక.

లూవ్ర్‌లో మన కృష్ణ ఒడ్డు రాయి

పారిస్‌లో అందరూ చూసేది లూవ్ర్ మ్యూజియం. అక్కడ అందరూ మోనాలిసా దగ్గర గుంపు కడతారు. మీరు మాత్రం అపోలో గ్యాలరీ ఎక్కడని అడగండి. మేము వెళ్లినప్పుడు అందులో 'రీజెంట్' అనే వజ్రం ఉండింది, బరువు 140 క్యారెట్ల పైచిలుకు. అది గోల్కొండ రాజ్యపు వజ్రం. మన పల్నాడు ప్రాంతంలో కృష్ణ ఒడ్డున ఉన్న కొల్లూరు గనిలో దొరికిందని చెబుతారు. ఆ కొల్లూరు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద మునిగి ఉన్నది. ఊరు నీళ్లలో, రాయి పారిస్‌లో.

మద్రాసు గవర్నరు థామస్ పిట్ దానిని 1702లో ఒక వర్తకుని వద్ద 48,000 పగోడాలకు, అంటే మన వరహాలకు, కొన్నాడు. 1717లో ఫ్రాన్సు రాజప్రతినిధికి 1,35,000 పౌండ్లకు అమ్మాడు. రాజప్రతినిధిని రీజెంట్ అంటారు గనుక వజ్రానికి ఆ పేరు వచ్చింది. అంతకు ముందే టావెర్నియే అనే ఫ్రెంచి వజ్రాల వర్తకుడు గోల్కొండ గనులు స్వయంగా తిరిగి చూసి గ్రంథం రాశాడు. కొల్లూరులో ఆడా మగా పిల్లా జెల్లా కలిసి 60,000 మంది పని చేస్తున్నారని ఆయన రాశాడు. రావోల్కొండ అని ఆయన పేర్కొన్న మరో గనిలో, పని బాగా తెలిసిన మనిషికి కూడా ఏడాదికి ముట్టేది 3 వరహాలేనని కూడా రాశాడు.

ఈ సంగతి గాజుపెట్టె ముందు నిలబడి మా మనవరాలికి చెప్పాను. అది తొమ్మిదేళ్ల పిల్ల. వేళ్ల మీద లెక్క వేసి, "తాతయ్యా, అయితే ఒక్క మనిషి ఆ రాయి కొనాలంటే 16,000 ఏళ్లు పని చేయాలి" అన్నది. కాలం వేరు, గని వేరు. ఆ లెక్క ఆడిటుకు నిలవకపోవచ్చు. అయినా అంత పెద్ద గదిలో నాకు అంతకన్నా నిజమైన మాట వినబడలేదు.

ఒక హెచ్చరిక. 2025 అక్టోబరు 19న దొంగలు పట్టపగలు ఆ గ్యాలరీలోనే జొరబడి రాచనగలు ఎత్తుకుపోయారు. మన రీజెంట్ వజ్రం దక్కింది. అందుచేత వెళ్లే ముందు ఆ గది తెరిచి ఉన్నదో లేదో కనుక్కోండి. మంగళవారాలు లూవ్ర్‌కు సెలవు.

కోల్బేర్ దొర రెండు ఫైళ్లు

పదునాలుగవ లూయీ రాజు వద్ద ఆర్థిక వ్యవహారాలు చూసిన మంత్రి కోల్బేర్. మన భాషలో చెప్పాలంటే ఫైళ్లు కదిలించే మనిషి. ఆయన 1664లో ఫ్రెంచి ఈస్టిండియా కంపెనీని పెట్టించాడు. 1669లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా ఫర్మానాతో ఆ కంపెనీ బందరులో వర్తకశాల తెరిచింది. అలా ఫ్రెంచివారు తెలుగు నేల మీద కాలు పెట్టారు. ఈ కంపెనీ ఓడల కోసమే ఫ్రాన్సు పడమటి తీరాన ఒక రేవు పట్టణం పుట్టింది. దాని పేరు లోరియాఁ. 'తూర్పు దిక్కు' అని అర్థం. అక్కడికి దగ్గరలో ఆ కంపెనీ చరిత్రకు ఒక మ్యూజియం ఉన్నది. తీరిక ఉన్నవారు చూడవచ్చు.

అదే కోల్బేర్ 1673లో మరొక పని చేశాడు. రాజు నౌకాదళంలో దెబ్బతిని ఇక పని చేయలేని నావికుల కోసం నిధి పెట్టించాడు. కొలువులో ఉన్నవారి జీతాలలో కొంత కోసి, ఆ సొమ్ము కొలువు చేయలేనివారికి ఇవ్వడం దాని పద్ధతి. ఆ భత్యాన్ని వారు 'అరజీతం' అన్నారు. పింఛను చరిత్ర రాసేవారు ఈ సంవత్సరాన్ని మరచిపోరు. అంతకు మూడేళ్ల ముందు, 1670లో, లూయీ రాజు ముసలి సైనికులకూ వికలాంగులైన సైనికులకూ పారిస్‌లో ఒక పెద్ద ఆశ్రమం కట్టాలని ఉత్తర్వు చేశాడు. అదే 'అంవాలీద్'. బంగారు గోపురం ఉన్న ఆ కట్టడాన్ని నెపోలియన్ సమాధి కోసం జనం చూడబోతారు. కాని అక్కడ ఈనాటికీ కొందరు యుద్ధ క్షతగాత్రులు ప్రభుత్వ సంరక్షణలో నివసిస్తున్నారు. నేను వెళ్లినప్పుడు చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఎండ కాగుతూ కనిపించాడు. నమస్కారం పెట్టాను. ఆయన చేయి ఊపాడు. నెపోలియన్ సమాధి కంటే నాకు ఆ చేయి బాగా గుర్తున్నది.

మన 'పింఛను' మాట కూడా ఇంగ్లీషు దారిన ఫ్రెంచి నుంచి వచ్చినదే. ఉద్యోగ విరమణకు ఇప్పుడు వారు 'రెత్రేత్' అంటారు. సైన్యం వెనక్కు తగ్గడానికి కూడా అదే మాట. కాని అక్కడి విశ్రాంత ఉద్యోగి వెనక్కు తగ్గే మనిషి కాడు. మేము ఉన్న రోజులలోనే విరమణ వయసు 62 నుంచి 64కు పెంచే చట్టం వచ్చింది. లక్షలాది జనం వీధులలోకి వచ్చారు. ఇంకా ఉద్యోగంలో చేరని కుర్రవాళ్లు ముసలివారి పక్కన నడవడం చూసి ఆశ్చర్యపోయాము.

జీతాల కోసం నాలుగు సర్కారులు

ఇప్పుడు మన ఊరికి వద్దాము. 1751లో బుస్సీ అనే ఫ్రెంచి సేనాని పుదుచ్చేరి నుంచి దక్కనుకు వచ్చాడు. తాము నవాబుగా బలపరచిన ముజఫర్ జంగ్ దారిలోనే రాయచోటి ప్రాంతంలో హతుడు కాగా, వెంటనే సలాబత్ జంగ్‌ను గద్దె మీద కూర్చోబెట్టాడు. ఫ్రెంచి పటాలం ఆయనకు కావలి అయింది. కావలివారికి జీతం ఇవ్వాలి కదా! 1753లో బుస్సీ జబ్బుచేసి బందరులో ఉండగా దివాను పటాలం జీతాలు నిలిపివేశాడు. బుస్సీ తిరిగి వచ్చేసరికి హైదరాబాదులో సిపాయిలు ఆకలితో తిరగబడే స్థితిలో ఉన్నారు. నెలనెలా చేయి చాచే గొడవ లేకుండా, జీతాలకు హామీగా కొండపల్లి, ఏలూరు, రాజమండ్రి, శ్రీకాకుళం సర్కారుల రాబడిని ఆయన వ్రాయించుకున్నాడు. ఉత్తర సర్కారులు ఫ్రెంచివారి చేతికి వెళ్లిన కథ ఇదే. జీతం బిల్లు ఒకటి ఆగితే నాలుగు సర్కారులు చేతులు మారాయి.

ఆ సర్కారుల పన్ను వసూలు వ్యవహారాలలోనే విజయనగరం, బొబ్బిలి వైరం మధ్యకు బుస్సీ వచ్చాడు. 1757 జనవరి 24న బొబ్బిలి కోట పడింది. తాండ్ర పాపారాయుని పేరు తెలియని తెలుగువాడు లేడు గనుక ఆ కథ ఇక్కడ విస్తరించను. 1758లో బుస్సీని పైఅధికారి లాలీ వెనక్కు పిలిచాడు. అదే డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచి సేన ఇంగ్లీషువారి చేతిలో ఓడింది. 1759 ఏప్రిల్‌లో బందరు కోట కూడా పోయింది.

మూసా రేమండ్

ఇక మన హైదరాబాదు ఫ్రెంచివాడు. మిషెల్ జోఆషిం మరీ రేమండ్ 1755లో గాస్కనీ ప్రాంతంలో పుట్టాడు. 1775లో వర్తకం చేసుకుందామని పుదుచ్చేరి వచ్చి సైనికుడయ్యాడు. 1786లో రెండవ నిజాం నిజాం అలీఖాన్ కొలువులో చేరాడు. కొద్ది మందితో మొదలైన ఆయన పటాలం పదివేలు దాటింది. 1795లో మరాఠాలతో జరిగిన ఖర్డా యుద్ధంలో నిజాం ఓడినా రేమండ్ పటాలం గట్టిగా నిలిచింది. ఫతేమైదాన్ పక్కన ఫిరంగులు పోత పోసే కార్ఖానా ఆయన పెట్టించినదే. తోప్ కా సాంచా అన్నా, గన్‌ఫౌండ్రీ అన్నా అదే. మన సభ్యులు ఎంతమంది ఆ పేరున్న చోట బ్యాంకు పనికి పోయి వస్తున్నా, లోపల ఆ పాత గోడ ఉన్నదని ఎరిగినవారు కొద్దిమందే.

1798 మార్చి 25న రేమండ్ మరణించాడు. ముస్లిములు ఆయనను మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రాం అన్నారు. మూసారాంబాగ్ పేరు అలా వచ్చింది. గుట్ట మీద సమాధి, నల్లరాతి స్తంభం, స్తంభాల మంటపం ఉన్నాయి. వర్ధంతికి జనం దీపాలు పెట్టి ఉత్సవం చేసేవారు. 2001లో వానలకు మంటపం కూలిపోగా తరవాత మళ్లీ నిలబెట్టారు.

ఆయన పోయిన తరవాత జరిగినదే అసలు కథ. 1798 సెప్టెంబరు 1న నిజాం బ్రిటిషువారితో ఒడంబడిక చేసుకున్నాడు. ఫ్రెంచి పటాలాన్ని రద్దు చేయాలన్నది అందులో ఒక షరతు. పదివేలకు పైబడిన శిక్షణ పొందిన సైన్యం, ఫిరంగులు, మందుగుండు అన్నీ ఉన్నాయి. పెద్ద యుద్ధం జరగవలసినదే. కాని సిపాయిలకు జీతాలు బకాయి ఉన్నాయి. అక్టోబరులో సిపాయిలే తమ ఫ్రెంచి అధికారుల మీద తిరగబడి, రేమండ్ తరవాత వచ్చిన పిరోను నిర్బంధించి, మా బకాయిలు ఏవని అడిగారు. బ్రిటిషు రెసిడెంటు కిర్క్‌పాట్రిక్, ఆయన సహాయకుడు మాల్కం ఆ అదును చూసుకున్నారు. బకాయిలు ఇప్పిస్తామని మాట ఇచ్చి, 1798 అక్టోబరు 22న యుద్ధం లేకుండానే ఆయుధాలు కింద పెట్టించారు. దక్కనులో ఫ్రెంచివారి పలుకుబడి ఆ రోజుతో ముగిసింది. కొద్ది ఏళ్లకు కోఠీలో రెసిడెన్సీ భవనం లేచింది. తరవాతి కాలంలో మహిళా కళాశాల నడిచిన భవనం అదే.

ఆ సిపాయిలను ద్రోహులని కొందరు అనవచ్చు. నేను అనలేను. నెలల తరబడి జీతం రాని ఇంటిలో పొయ్యి ఎలా ఉంటుందో లెక్కల విభాగంలో పనిచేసిన నాకు తెలుసు. ముసలి సైనికులకు బంగారు గోపురం కట్టిన దేశపువారే ఇక్కడి సిపాయికి సకాలంలో జీతం ఇప్పించలేకపోయారు. ఇచ్చే బాధ్యత నిజాం ఖజానాది కూడా అన్నమాట నిజమే. తప్పు ఎవరిదైనా సిపాయి పేరు ఎక్కడా మిగలలేదు. రేమండ్‌కు సమాధి ఉన్నది, సిపాయికి అది కూడా లేదు.

యానాం

ఫ్రెంచి జెండా తెలుగు నేల మీద చివరి వరకు ఎగిరిన చోటు యానాం. కాకినాడకు దగ్గరలో, గోదావరి ఒడ్డున ఉన్నది. శారదా చట్టం 1930లో అమలులోకి వచ్చిన తరవాత, బ్రిటిషు చట్టం అక్కడ చెల్లదు గనుక, బాల్యవివాహాలు చేయడానికి చుట్టుపక్కల వారు యానాం పోయేవారు. దానికి కల్యాణపురం అనే పేరు వచ్చింది. మన పెద్దవారి ఇళ్లలో అలాంటి పెళ్లి కథలు వినే ఉంటారు. 1954 నవంబరు 1న పుదుచ్చేరితో పాటు యానాం పరిపాలన భారతదేశానికి వచ్చింది. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న జరిగింది. అప్పుడు కోరినవారికి ఫ్రెంచి పౌరసత్వం నిలుపుకొనే అవకాశం ఇచ్చారు. పుదుచ్చేరిలో ఫ్రెంచి సైన్యంలో పనిచేసి ఫ్రెంచి పింఛను పుచ్చుకునేవారు ఆ తరవాత కూడా చాలా కాలం ఉన్నారు. పాలన పోయినా పింఛను ఆగలేదు. ఈ ఒక్క పద్దులో ఫ్రెంచివారిని మెచ్చుకోవలసినదే.

ప్రయాణికులకు కొన్ని మనవులు

1. ఫ్రాన్సుకు షెంగెన్ వీసా కావాలి. ఏ 180 రోజులలోనైనా 90 రోజులకు మించి ఉండరాదు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుంచి ఇవ్వవచ్చు; పదిహేను రోజుల ముందైనా ఇవ్వాలి. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. పాత జబ్బులకు ఆ బీమా వర్తిస్తుందో లేదో సంతకం పెట్టే ముందు చదవండి.

2. మందులు రెండు సంచులలో పంచి పెట్టుకోండి. వైద్యుని చీటీలో మందు అసలు పేరు ఉండాలి. అక్కడ కంపెనీ పేర్లు వేరు. ఆకుపచ్చ శిలువ గుర్తు ఉన్నది మందుల దుకాణం.

3. పారిస్ భూగర్భ రైలు చవక, వేగం. కాని చాలా స్టేషన్లలో లిఫ్టు ఉండదు, మెట్లే. మోకాళ్ల నొప్పులున్నవారు సిటీ బస్సు ఎక్కండి. ఊరు కూడా కనబడుతుంది. మొదటి సాలార్‌జంగ్ 1876లో పారిస్ హోటలు మెట్ల మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకొని, ఆ కాలుతోనే ఇంగ్లండు పోవలసి వచ్చింది. ప్రధానమంత్రికే తప్పలేదు, మనమెంత!

4. దుకాణంలో, బస్సులో ముందు "బోఁజూర్" అనండి. ఆ మాట అనకుండా ఏదైనా అడిగితే మొహం ముడుచుకుంటారు. అంటే అందరూ మంచివారే.

5. శాకాహారులు దిగులు పడవద్దు. పారిస్ ఉత్తర స్టేషను వెనుక లా షపెల్ అనే పేట ఉన్నది. అక్కడ తమిళుల కొట్లు, ఇడ్లీ దోశ హోటళ్లు, వినాయకుని గుడి ఉన్నాయి. మా శ్రీమతి అక్కడ కరివేపాకు చూసి, ఈఫెల్ టవరు చూసినప్పటి కంటే ఎక్కువ సంతోషించింది.

6. నోత్ర్ దామ్ చర్చి 2019 ఏప్రిల్ 15న తగలబడి, 2024 డిసెంబరులో మళ్లీ తెరుచుకున్నది. ప్రవేశం ఉచితం. మేము వెళ్లినప్పుడు చుట్టూ పరంజాలే. ఇప్పుడు వెళ్లేవారు అదృష్టవంతులు.

7. అన్నిటికంటె ముఖ్యం. ఏటా ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం సంగతి చూసుకొని విమానం ఎక్కండి. నేను, జీవితమంతా ఒకరి పింఛను కాగితాలు దిద్దినవాణ్ని, నాది మరచిపోయాను. తిరిగి వచ్చేసరికి పింఛను ఆగి ఉన్నది. తప్పు పూర్తిగా నాదే. తరవాత బకాయి మొత్తం ఒకేసారి వచ్చింది. కాని ఆ మధ్య రోజులలో, డబ్బుకు కాకపోయినా, బతికి ఉన్నానని రుజువు లేని మనిషిగా తిరిగాను. 1798 నాటి సిపాయిలు నాకు అప్పుడే బాగా అర్థమయ్యారు.

చివరి మాట

వీసా చేతికి రాగానే ఒక ఉదయం ఇలా చేయండి. ఉస్మాన్‌గంజ్ నుంచి నడిచి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషను మూసారాంబాగ్. అక్కడి నుంచి ఆటోలో గుట్టకు పోవచ్చు. మనవలను వెంట తీసుకొని వెళ్లండి. గుట్ట మీద నిలబడి నాలుగు వైపులా చూడండి. రేమండ్‌కు ఒక దణ్ణం పెట్టండి, పేరు లేని సిపాయికి ఇంకొకటి పెట్టండి. తరవాత పారిస్‌లో ఆ బంగారు గోపురం కింద నిలబడినప్పుడు మీకు రెండు వైపుల పద్దులూ తెలిసి ఉంటాయి.

ఇందులో పొరపాట్లు ఉంటే పెద్దలు తెలియజేయగలరు, దిద్దుకుంటాను. వెళ్లే వారందరికీ క్షేమంగా వెళ్లి లాభంగా రమ్మని కోరుతూ సెలవు.